గోధుమపంటయు వ్యాగనుల వంతును

పంట పండుటతో కర్షకుని కష్టము తీరినదని పట్టణవాసులు తలంతురు. పండిన గింజ కళ్లము విడిచి కొనువాని యోడ జేరువఱకు నది ధనము గాదు, బరువు మాత్రమే యని కాపు లెఱుగుదురు. కెనడా దేశపు పడమటి మైదానములలోని గోధుమ కాపులు 1901వ సంవత్సరమున నీ నిజమును మిక్కిలి కఠినముగా నేర్చుకొనిరి. దానికి వారు వెదకుకొన్న మందెట్టిదో, ఆ మందు నూఱేండ్లు దాటిన పిమ్మట నెంతవఱకు పని చేసెనో చదువరుల కెఱిగింప దలచితిని.

ముందుగా నా మైదానముల యునికి తెలిసికొనవలెను. ఇండియన్ హెడ్ అనునది యొక చిన్న పట్టణము; నాడు వాయవ్య ప్రాంతములలోనిది, 1905 మొదలుకొని సస్కాచువాన్ రాష్ట్రములోనిది. అచ్చటి గోధుమలు ఇంగ్లండు చేరవలెనన్న విన్నిపెగ్ నగరము మీదుగా సుపీరియరు సరస్సు నొడ్డుననున్న ఫోర్టు విలియం రేవునకు ఏడువందల మైళ్లకు పైగా రైలు మీద పోవలెను. ఆ రేవున పొగయోడల కెక్కి, సరస్సులు దాటి, తూర్పు తీరమునకు జేరవలెను. పంట కోతకు వచ్చుట ఆగస్టు తుదియు సెప్టెంబరు మొదలును. నూర్పిళ్లు అక్టోబరు దాక సాగును. డిసెంబరులో సరస్సులు గడ్డకట్టిన పిమ్మట వసంతమువఱకు నోడ కదలదు. కావున సంవత్సరపు పంట యంతయు పదిపండ్రెండు వారములలో రేవు చేరవలెను; చేరనిది వసంతమువఱకు నిలువయుండవలెను. అప్పులవారు మాత్రము వసంతమువఱకు నిలువరు.

మన గోదావరి డెల్టా సంగతి వేఱు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత పొలములకు నీరు దెచ్చిన కాలువలే బాటలును అయ్యెను. ధాన్యపు పడవలు వానిమీదుగా కాకినాడ రేవు దాక నడచెను. సర్ ఆర్థర్ కాటన్ దొర యినుపదారులకన్న కాలువలు మేలని కడదాక వాదించి, 1878లో పార్లమెంటు వారి విచారణసంఘము నెదుటను ఆ మాటయే చెప్పెను. ఆయన వాదము ముఖ్యముగా ఖర్చుల లెక్కమీద నడచినది. నాకు దానికన్న గొప్పదిగా దోచునది మఱియొకటి గలదు. కాలువలో పడవగలవా డెవడైనను పడవ వేయవచ్చును. ఒకడు కాదన్న నింకొకడు దొరకును. ఇనుపదారి యట్లు గాదు. పట్టాలు పఱచినవాడే బండి నడపును, వాడే వ్యాగను నిచ్చును, వాడే కిరాయి కట్టును.

కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ వారి ప్రధానమార్గము 1885 నవంబరు 7వ తేదీన పూర్తియయ్యెను. ఈ దారి వేయుటకు ప్రభుత్వము వారు కంపెనీకి రెండున్నర కోట్ల డాలర్లు రొక్కముగాను, రెండున్నర కోట్ల యెకరములు భూమిగాను ఇచ్చుట కొప్పుకొనిరి. ఇంతేగాక ఆ దారికి దక్షిణమున నిరువది సంవత్సరములు పోటీ దారి యెవ్వరును వేయగూడదనియు వ్రాసియిచ్చిరి. మానిటోబా ప్రజలు గగ్గోలు పెట్టగా 1888లో నీ కడపటి షరతు రద్దయ్యెను. షరతు పోయినను అలవాటు పోలేదు. స్టేషనులలో వ్యాగను లెవరి కెప్పు డియ్యవలెనో కంపెనీ యిష్టమే.

కంపెనీ వారికి గింజలు త్వరగా నింపవలెనను తొందర. ఒక కాపు గుఱ్ఱపు బండ్లమీద గోధుమలు తెచ్చి, పారలతో చేది, వ్యాగనులో బోయుచుండిన నా వ్యాగను గంటల తరబడి, ఒక్కొకప్పుడు దినముల తరబడి పట్టాలమీద నిలిచిపోవును. ఎలివేటరు అనబడు ఎత్తైన కొయ్య కొఠారునుండి యైన గింజ గొట్టము వెంట జాఱి కొద్దిసేపటిలో వ్యాగను నిండును. కావున 25,000 బుషెళ్లు పట్టునట్టి యెలివేటరులు కట్టిన వర్తకులకే వ్యాగనులిత్తుమని కంపెనీ ప్రకటించెను. (గోధుమల బుషె లనగా 60 పౌనులు.) రైల్వే వారి దృష్టితో జూచిన నిది తెలివిమాలిన యేర్పాటు గాదు, తమ సొమ్ము పెట్టక ప్రతి స్టేషనునను కొఠారులు లేచెను. కాని యా క్షణమునుండి కాపు ఎలివేటరువాని చేత జిక్కెను. తూకము వానిది. గింజలలో మన్నును గడ్డిగింజలును గలవని కోయు తరుగు వానిది. మొదటి రకమా, రెండవ రకమా యని తేల్చుటయు వానిదే. బండిమీద తెచ్చి యెలివేటరులో బోసినవానికి ముట్టునది "వీధి ధర", వ్యాగను నిండ నమ్మగలవానికి ముట్టునది "పట్టాల ధర" యని రెండు ధర లుండెను. మొదటిది తక్కువ, రెండవది యెక్కువ. రెండింటి నడుమ నున్న యంతరము వ్యాగను దొరకకపోవుటకు కాపు చెల్లించిన జరిమానా గాక మఱేమి?

ఫిర్యాదులు మితిమీఱగా 1899లో ప్రభుత్వము వారు విచారణ జరిపించిరి. 1900లో మానిటోబా ధాన్యచట్టము పుట్టెను. స్టేషనులయందు ఎత్తరుగులు కట్టింపవలెననియు, కాపు కోరినచో వానిపైనుండి తానే వ్యాగను నింపుకొనవచ్చు ననియు చట్టము చెప్పెను. కాగితముమీద హక్కు కలిగెను. వ్యాగనుల వరుస మాట యందు స్థిరపడలేదు.

మరుసటి యేడు పంట విరుగబండెను. మానిటోబాయందును వాయవ్య ప్రాంతములయందును గలిసి ఆఱుకోట్ల బుషెళ్లకు పైగా గోధుమలు వచ్చెను. అంత పంటను లాగుటకు కంపెనీకి ఇంజనులు లేవు, వ్యాగనులు లేవు. ఎలివేటరులు నిండెను. స్టేషనుల చెంత గోధుమలు నేలమీదనే రాశులుగా పడియుండెను. సరస్సులు గడ్డకట్టునప్పటికి పంటలో పెద్దభాగ మింకను మైదానములలోనే నిలిచెను. ఆ సంవత్సరమును అచ్చటివారు "గోధుమ దిగ్బంధ" మని పిలిచిరి. క్షామమువలన చెడిన కాపుల కథలు మన మెన్నియో వింటిమి. సుభిక్షమువలన చెడినవారి కథ యిది. ఉన్న కొలది వ్యాగనులును ఎలివేటరులకే పోవుచుండెనుగాని అరుగుల యొద్ద గాచుకొన్న కాపులకు దక్కలేదు. ఇదియే వారి కన్నింటికన్న నెక్కువ మంట కలిగించినది. లేమిని మనుష్యు లోర్చుకొందురు. లేమిలో పక్షపాతము నోర్వరు.

ఆబర్నెతి గ్రామ కాపులగు డబ్ల్యు. ఆర్. మదర్‌వెల్, పీటర్ డేమన్ అను నిద్దఱు 1901 డిసెంబరు 18వ తేదీన ఇండియన్ హెడ్డులో సభ జేయ నందఱిని బిలిచిరి. ఆ తేదీని యేర్పఱచుటలో వారి నేర్పు మెచ్చదగినది. ఆ దినముననే ఆ యూర రాజకీయ నాయకులగు హాల్టెన్, రాబ్లిన్ అను వారి వాదోపవాదము జరుగనుండెను. దానిని వినుటకు దూరపు కాపులును ఎటులైనను వత్తురు. వచ్చినవారిని గోధుమల మాటకు ద్రిప్పిరి. ప్రాదేశిక ధాన్యకర్షక సంఘ మట్లు పుట్టెను. మదర్‌వెల్ దాని కధ్యక్షుడయ్యెను. కోపము తలకెక్కి బలాత్కారమునకు దిగుదమన్నవారు లేకపోలేదు. సంఘము వారు దానిని వారించి, ఒకే కోరిక నెన్నుకొనిరి. వ్యాగనుల నెక్కువ చేయుమని కాదు, వంతు ప్రకార మిమ్మని యడిగిరి.

1902లో చట్టమును సవరించిరి. ప్రతి స్టేషనునను ఒక పుస్తక ముంచవలెను. వ్యాగను కావలసినవాడు, కాపైనను ఎలివేటరువాడైనను, వచ్చిన వరుసను దానిలో పేరు వ్రాయించుకొనవలెను. వ్యాగను వచ్చినప్పుడు మొదటి పేరువానికి మొదటిది, రెండవవానికి రెండవది. ఒక చుట్టు తిరిగినగాని ఒకనికి రెండవ వ్యాగను లేదు. పదివేల యెకరముల వర్తకునికిని నూఱెకరముల కాపునకును పుస్తకములో నొక్కొక్క పంక్తియే.

ఆ శరత్తున పుస్తకములు వెలసెను గాని పద్ధతి మాఱలేదు. అప్పుడు సంఘము వారు సింటలూటా అను స్టేషనులోని కంపెనీ యేజెంటుమీద వ్యాజ్యెము వేసిరి. ఒక చిన్న యుద్యోగిమీద పడుట న్యాయమా యని కొందఱ కనిపింపవచ్చును. పైవా రాజ్ఞాపించినదే యాతడు చేసియుండును. అయినను పైవారిని పట్టుట కంతకన్న దారి లేకపోయెను. న్యాయాధికారి యేజెంటునకు 50 డాలర్ల జరిమానాయు ఖర్చులును విధించెను. కంపెనీ వారు సుప్రీముకోర్టుదాక పోయినను తీర్పు నిలిచెను. ఏబది డాలర్లు కంపెనీకి లెక్కలోనిది గాదు. పుస్తకమును ఇక ద్రోయరాదని తేలుటయే లెక్కలోనిది.

తరువాతి సంగతులు త్వరగా చెప్పి ముగింతును. ఆ సింటలూటా కాపే యగు ఇ. ఎ. పార్ట్రిడ్జి విన్నిపెగ్ ధాన్యవిపణిని స్వయముగా పరిశీలించి వచ్చి, 1906లో కాపుల సొంత ధాన్యవ్యాపార కంపెనీని పెట్టించెను. మదర్‌వెల్ సస్కాచువాన్ రాష్ట్రమునకు మొదటి వ్యవసాయమంత్రి యయ్యెను. పోటీ రేవు కావలెనని కాపులు పట్టుబట్టగా హడ్సన్ అఖాతముననున్న చర్చిల్ రేవునకు 1929లో దారి పూర్తియయ్యెను.

కిరాయి కథ మాత్రము కొంత నిలిచి చూడదగినది. 1897లో క్రోస్‌నెస్ట్ కనుమగుండా దారి వేయుటకు ప్రభుత్వధనము పుచ్చుకొన్న కంపెనీ, తూర్పునకు బోవు ధాన్యముమీద నూఱు పౌనులకు 3 సెంట్లు తగ్గించుట కొప్పుకొనెను. 1925లో నా ధర శాసనముచే స్థిరపడెను. కాపులు దానిని తమ జన్మహక్కుగా భావించిరి. కాని యేండ్లు గడచి యన్ని ధరలు పెరిగినను ధాన్యపు కిరాయి కదలలేదు. నష్టము వచ్చు సరకుకొఱకు రైల్వేలు క్రొత్త వ్యాగను లేల చేయించును? పాత పెట్టెలు శిథిలమయ్యెను. 1972 మొదలుకొని ప్రభుత్వమే గరాటు వ్యాగనులు వేలకొలది కొని యియ్యవలసివచ్చెను. చౌక కిరాయిని కాపులు గెలిచినది నిజమే; ఆ గెలుపే వ్యాగనుల కఱవు తెచ్చిన దనుటయు నిజమే. రెండవ మాటను నాడు చెప్పినవారిని కాపులు శత్రువులుగా జూచిరి. 1983లో నాధర తీసివేయబడెను. దానికి బదులిచ్చిన సహాయధనమును 1995లో నిలిచెను. అటు పిమ్మట చిన్న దారుల పట్టాలు ఊడదీయబడెను, కొయ్య యెలివేటరులు కూల్చబడెను, నూఱు వ్యాగనుల బండి నొక్కసారిగా నింపగల కాంక్రీటు కొఠారులు లేచెను.

2013లో మరల పంట విరుగబండెను. పడమటి కెనడాలో 7 కోట్ల 60 లక్షల టన్నులు. అంతకుముందెన్నడును అంత లేదు. ఆ చలికాలము మిక్కిలి తీవ్రమైనది. అతిశీతలమున గాలి బ్రేకులు సరిగా పట్టవు గనుక బండ్లను పొట్టిగా నడపవలసియుండును. కొఠారులు నిండెను, వాంకూవరు రేవున నోడలు కాచుకొనియుండెను, రేవుధరకును ఊరిధరకును నడుమ నంతరము పెరిగిపోయెను. వీధిధరయు పట్టాల ధరయు క్రొత్త పేరులతో తిరిగి వచ్చినట్లయ్యెను. 2012 ఆగస్టులో గోధుమ బోర్డు గుత్తాధికారము రద్దగుటచే బండ్లను కూర్చువారు లేకపోయిరని కొందఱును, వాతావరణమే కారణమని రైల్వేవారును చెప్పిరి. నేను రెండింటికిని కొంత చోటిత్తును. మితిమీఱిన పంటకు సరిపడు వ్యాగనులు సిద్ధముగా నుంచుట యే కంపెనీకిని లాభము గాదనుట వానికన్న ముందుగా జెప్పుదును.

2014 మార్చి 7వ తేదీన ప్రభుత్వము వారు రెండు రైల్వేలును వారమునకు చెఱి 5 లక్షల టన్నుల ధాన్యము లాగి తీరవలెననియు, తప్పిన దినమునకు లక్ష డాలర్లవఱకు జరిమానా పడుననియు నాజ్ఞాపించిరి. బరువు కదలెను. కాని బరువు చూపుటకు సులభమైన దారి, పెద్ద కొఠారులనుండి దగ్గఱ రేవులకు పొడవు బండ్లు నడపుట. చిన్న దారులమీదివారును, అమెరికా మిల్లులకు పంపువారును, తమ వ్యాగనులు తాము నింపుకొను కాపులును వెనుకబడితిమని మొఱపెట్టిరి. 1902 నాటి పుస్తకము వంతు నిచ్చినది, వ్యాగనుల నియ్యలేదు. 2014 నాటి యాజ్ఞ వ్యాగనుల నిచ్చినది, వంతు నియ్యలేదు. 2018లో మఱియొక చట్టము వచ్చి, వ్యాగనులు సకాలమున రాకున్న రైల్వేయు, నింపకున్న సరకుదారును పరస్పరము జరిమానా లిచ్చుకొనునట్లు ఒడంబడికలు వ్రాసికొనుటకు వీలు కల్పించెను.

కాపు తన పేర వ్యాగను కోరి, తానే నింపి, తానే పంపుకొను హక్కు కెనడా ధాన్యచట్టములో నేటికిని గలదు. దరఖాస్తు ధాన్యసంఘమునకు పెట్టుకొనవలెను. పట్టా లూడదీసిన యూళ్ల కాపు లీ హక్కు వాడుకొనవలెనన్న ముందుగా తమ గింజలను లారీలకెత్తి, పట్టాలు మిగిలిన యూరిదాక తోలుకొనిపోవలెను.