బూడిదలో మిగిలినవి



1812 మార్చి 11న శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయం కాలిపోయింది. విలియం కేరీ గారికి అప్పటికి 50 ఏళ్లు. మన దేశానికి వచ్చి 18 ఏళ్లు దాటింది. కాగితం, అచ్చు అక్షరాలు, బహుభాషా నిఘంటువు, మన తెలుగు వ్యాకరణం రాతప్రతి అగ్నిపాలయ్యాయి.

అయినా ఎవరి ప్రాణమూ పోలేదు. ముద్రణ యంత్రాలు దక్కాయి. అక్షరాలు తయారుచేసే ఉక్కు అచ్చులు బూడిదలో చెడకుండా దొరికాయి. కేరీ గారు కీర్తన 46:10 మీద ప్రసంగించి, మళ్లీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నారు. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడ్డాయి.

ప్రియులారా, కల్లంలో మిర్చి తడిసిపోయినవారు మనలోనూ ఉన్నారు. ఏడవవద్దని నేననను. ఏడ్చాక బూడిద కదిపి చూడండి. ప్రభువు మిగిల్చినదానికి స్తోత్రం చెప్పి, దానితోనే పని మొదలుపెట్టండి. ఆమేన్.