ఇంజనుకు నీరు: ఆవిరి బండి నుండి డీజెల్ బండి దాకా

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోయే రైలు మార్గం జనగామ, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు, డోర్నకల్లుల మీదుగా సాగుతుంది. నిజాం రాజ్యంలో వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. అక్కడి నుండి తూర్పుగా పొడిగించిన మార్గం 1889లో బెజవాడను చేరింది. అంతకు ముందే, 1871లో, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలై, ఆ బొగ్గు డోర్నకల్లు జంక్షను మీదుగా బయటి ప్రపంచానికి చేరసాగింది. నేడు ఈ మార్గం మీద విద్యుత్తు ఇంజన్లు నడుస్తున్నవి. దీర్ఘకాలం మాత్రం ఇక్కడ ఆవిరి ఇంజన్లదే రాజ్యం.

ఆవిరి ఇంజనుకు ఆహారం రెండు విధాలు: బొగ్గు, నీరు. ఒక కిలో బొగ్గు మండితే సుమారు ఆరేడు కిలోల నీరు ఆవిరి అవుతుంది. అనగా ఇంజను తినే దానికంటె తాగేదే ఎక్కువ. పిస్టనును తోసి పని ముగించిన ఆవిరి పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోయేది. తిరిగి వచ్చేది కాదు. అందుచేత దారిలో పెద్ద స్టేషన్లలో ఇంజను ఆగి, నీటి స్తంభం కింద నిలబడి, టెండరు నింపుకొని కదలవలసి వచ్చేది. నీరు తగ్గటం ఆ యంత్రానికి జబ్బు కాదు. అది దాని స్వభావం. నీరు పోయటం మరమ్మతు కాదు. భోజనం పెట్టటం వంటిదే.

అయినప్పటికీ బాయిలరులో నీటిమట్టం ఒక హద్దుకు కిందికి దిగరాదు. నిప్పు మండే పెట్టె పైకప్పు మీద ఎల్లప్పుడూ నీరు నిలిచి ఉండాలి. ఎందుకో తెలుసుకోవటానికి తరగతి గదిలోనే చిన్న ప్రయోగం చేయవచ్చు. మందపాటి కాగితంతో దొన్నె చేసి, నీరు పోసి, ఉపాధ్యాయుని సమక్షంలో కొవ్వొత్తి మంట మీద పట్టుకోవాలి. నీరు వేడెక్కుతుంది, కాని కాగితం అంటుకోదు. మంట ఇచ్చే ఉష్ణాన్ని నీరు ఎప్పటికప్పుడు లాగుకోవటం వల్ల కాగితపు ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు మించి పెద్దగా పెరగదు. కాగితం అంటుకోవటానికి 200 డిగ్రీలకు పైగా కావాలి. నీటిమట్టానికి పైనున్న అంచుకు మంట తగిలిందా, అది వెంటనే కాలిపోతుంది. కాగితానికి జరిగేదే ఉక్కు రేకుకూ జరుగుతుంది. నీరు లేని చోట రేకు ఎర్రగా కాలి, మెత్తబడి, లోపలి ఒత్తిడికి చినుగుతుంది, బాయిలరు పేలుతుంది.

1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్ వద్ద రిచర్డ్ ట్రెవిథిక్ నిర్మించిన ఇంజను బాయిలరు పేలి ప్రాణనష్టం జరిగింది. ఆ తరువాత ఆయన బాయిలర్లలో సీసపు బిరడాను అమర్చసాగాడు. నీరు తగ్గితే సీసం ముందుగా కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి ప్రమాదాన్ని తెలుపుతుంది. రైలు ఇంజన్లలో దీనితోపాటు గాజు గొట్టాల ద్వారా నీటిమట్టాన్ని కంటితో చూసే ఏర్పాటు ఉండేది. గొట్టంలో మట్టి అడ్డుపడితే మట్టం తప్పుగా కనబడుతుంది కనుక, ఫైర్‌మన్ కుళాయిలు తిప్పి ఆవిరిని వదిలి గొట్టాన్నే పరీక్షించేవాడు. మట్టాన్ని చూడటం ఒక ఎత్తు, మట్టం చూపే సాధనం నిజం చెబుతున్నదా అని చూడటం మరొక ఎత్తు.

ఇంజను లోపలే ఇంధనం మండే అంతర్దహన యంత్రాలు వచ్చేసరికి నీటి పాత్ర మారింది. ఇక్కడ నీరు శక్తిని ఇచ్చేది కాదు, అదనపు ఉష్ణాన్ని మోసుకుపోయేది. సిలిండరులో మండే వాయువుల ఉష్ణోగ్రత సుమారు 2,000 డిగ్రీల వరకు పోతుంది. పిస్టన్లు చేసే అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. ఇంధనంలోని ఉష్ణంలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరొక మూడవ వంతు పొగతో పోగా, మిగిలిన దానిలో అధిక భాగాన్ని సిలిండరు గోడల నుండి నీరు లాగుకోవాలి.

రుడాల్ఫ్ డీజెల్ మొదట దీనిని ఒప్పుకోలేదు. తన యంత్రంలో దహనాన్ని అదుపులో ఉంచగలిగితే చల్లబరచే నీరే అవసరం ఉండదనీ, ఆ ఉష్ణం కూడా పనికి వస్తుందనీ ఆయన సిద్ధాంతం. 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో పరీక్షించిన తొలి నమూనాకు నీటి తొడుగు లేదు. అనుభవం సిద్ధాంతాన్ని సవరించింది. తరువాతి నమూనాలకు నీటి తొడుగు వచ్చింది. 1897లో జయప్రదమైన సుమారు 20 అశ్వశక్తుల ఇంజను నీటితో చల్లబడినదే. ఇంధనపు ఉష్ణంలో 26 శాతానికి పైగా అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అందని సంఖ్య ఇది.

మొదట్లో మోటారు బండ్లు నీటిని ఆవిరి యంత్రం వలెనే ఖర్చు చేసేవి. కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరై పోయేది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం చేసినప్పుడు, దారి పొడుగునా ఇంజనుకు నీరు పోస్తూనే పోవలసి వచ్చింది. పొలాల్లోని ఆయిల్ ఇంజన్లది మరొక పద్ధతి. బావి నుండి తోడిన నీటిలోనే కొంత సన్నని గొట్టం గుండా ఇంజను తొడుగులోకి పోయి, వేడిని తీసుకొని, కాలువలో కలుస్తుంది. బావిలో నీరున్నంతకాలం లోటు లేదు. బండికి మాత్రం బావి వెంట రాదు కదా!

ఈ చిక్కును విడదీసినది రేడియేటరు. 1900 ప్రాంతంలో విల్‌హెల్మ్ మేబాక్ వేలాది సన్నని గొట్టాలతో తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించాడు. గాలికి తగిలే వైశాల్యం ఎంతో పెరగటంతో కొద్ది లీటర్ల నీరే తిరిగి తిరిగి పని చేయగలిగింది. ఇంజనులో వేడెక్కిన నీరు రేడియేటరులోకి వచ్చి, గాలికి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతుంది. నీరు ఇప్పుడు ఆహారం కాదు. శరీరంలో రక్తం వంటిది.

ఈ రేడియేటర్ల బండ్లు తెలంగాణలో ప్రజా రవాణాకు వచ్చినది 1932లో. ఆ ఏడు జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైనది. స్కాట్లండులో తయారైన ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో భద్రపరచబడి ఉన్నది. తరువాతి దశాబ్దాలలో బస్సులకూ లారీలకూ డీజెల్ ఇంజన్లు సాధారణమైనవి. పాత రేడియేటర్ల మూత గట్టిగా బిగిసేది కాదు. ఎండాకాలంలో నీరు మరిగి కొంత ఆవిరైపోయేది. అందుచేత బస్సు ఆగినచోటల్లా క్లీనరు డబ్బా పట్టుకొని నీటికి పోవటం మామూలైనది. ఆవిరి బండి అలవాటు ఈ విధంగా మోటారు బండికీ సంక్రమించింది.

తరువాత వచ్చిన పీడనపు మూత ఈ కథను మలుపు తిప్పింది. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడికి మరొక అంత ఒత్తిడి తోడైతే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. ఇథిలిన్ గ్లైకాల్ కలిపితే ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. ఇట్టి మూసిన వలయంలో నీరు ఆవిరై పోవటానికి దారి లేదు. అందుచేత మట్టం పదే పదే తగ్గుతున్నదంటే ఎక్కడో దోషం ఉన్నదన్న మాట. ఆవిరి ఇంజనులో తగ్గిన నీరు ఆకలికి గుర్తు. మూసిన డీజెల్ ఇంజనులో తగ్గిన నీరు రోగానికి గుర్తు. ఈ తేడా తెలియక, పాత అలవాటు ప్రకారం రోజూ నీరు పోసి బండి నడిపేవారు రోగాన్ని దాచిపెట్టి పెంచుతున్నారు.

ఆ నీరు ఎక్కడికి పోతుంది? రబ్బరు గొట్టం చీలి కారవచ్చు. నీటి పంపు అడుగున బొట్లు పడవచ్చు. రేడియేటరుకు చిల్లి పడవచ్చు. ఇవి కంటికి కనబడే దారులు. కనబడనివి మరీ ప్రమాదకరం. హెడ్ గాస్కెట్ కాలితే నీరు సిలిండరులోకి పోయి తెల్లని పొగగా బయటికి వస్తుంది. నూనెలో కలిస్తే నూనె పాలు కలిసిన కాఫీ రంగుకు తిరుగుతుంది. పెద్ద డీజెల్ ఇంజన్లలో మరొక దోషం కలదు. సిలిండరు లోపలి తొడుగు, అనగా లైనరు, దెబ్బదెబ్బకు అదురుతుంది. దాని వెలుపలి నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతవి. ఒక్కొక్క బుడగ దెబ్బ స్వల్పమే. లక్షల దెబ్బలకు మాత్రం ఇనుములో గుంటలు పడి, చివరకు రంధ్రం ఏర్పడుతుంది. కూలెంటులో కలిపే రసాయనాలు లోహం మీద పలుచని పొరగా నిలిచి దీనిని అడ్డుకుంటవి. ఆ రసాయనాలు కాలక్రమాన తరిగిపోతవి. కనుక పాత ఇంజనులో మట్టం సరిపోయినంత మాత్రాన చాలదు. ఉన్న ద్రవానికి సత్తువ ఉన్నదా అని కూడా చూడాలి.

బోరు నీటిని పోసేవారు మరొక చిక్కు తెచ్చుకుంటారు. కఠిన జలంలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కార్బొనేటుగా గోడలకు పట్టుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కనబడే పదార్థం ఇదే. ఇనుముతో పోలిస్తే ఇది ఉష్ణాన్ని ఎంతో మందంగా ప్రసరింపజేస్తుంది. మట్టం నిండుగానే ఉంటుంది, ఇంజను మాత్రం కాలిపోతుంది. స్వేదన జలం వాడమని చెప్పటానికి కారణం ఇదే.

మట్టం చూడటానికి తగిన సమయం ఇంజను పూర్తిగా చల్లారిన ఉదయం వేళ. వేడిగా ఉన్నప్పుడు మూత తీయటం ఎంత ప్రమాదమో లెక్క వేసి చూడవచ్చు. 10 లీటర్ల నీరు 120 డిగ్రీల వద్ద ఉన్నదనుకుందాం. మూత తీయగానే పీడనం పడిపోయి నీరు 100 డిగ్రీలకు దిగుతుంది. గ్రాముకు 20 కేలరీల చొప్పున మొత్తం 2,00,000 కేలరీలు విడుదల అవుతవి. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి 540 కేలరీలు కావాలి. అనగా సుమారు 370 గ్రాముల నీరు దాదాపు ఒక్కసారిగా ఆవిరిగా మారుతుంది. దాని పరిమాణం 600 లీటర్లకు పైమాటే. ఆ ఆవిరి సలసల కాగే నీటిని వెంట తీసుకొని మూత తీసినవాని ముఖం మీదికే వస్తుంది. అట్లే, నీరు లేక కాలిన ఇంజనులో ఆత్రపడి చల్లని నీరు పోస్తే లోహం ఒక్కసారిగా కుంచించుకొని పగుళ్ళు తీయవచ్చు. రెండింటికీ మందు ఒకటే: ఓపిక.

అమెరికాలో పాత డీజెల్ బస్సు వంటి వాహనాలలో పడక, వంటగది అమర్చుకొని ఊరూరా తిరిగేవారు ఉన్నారు. ఈ మోటారు ఇండ్లలో అనేకానికి ఇంజను వెనుక ఉంటుంది. ముందున్న హీటరు దాకా పొడుగాటి గొట్టాలలో కూలెంటు తిరుగుతుంది. గొట్టం పెరిగినకొద్దీ అతుకులు పెరుగుతవి. ఎత్తైన చోట గాలి బుడగ చిక్కుకుంటే తొట్టి నిండినట్లు కనబడి, బుడగ తొలగగానే మట్టం పడిపోతుంది. గాజు గొట్టాన్ని పరీక్షించిన పాత ఫైర్‌మన్ జాగ్రత్త ఇక్కడా పనికి వస్తుంది: మట్టం కనబడినంత మాత్రాన నమ్మక, ఇంజను కొంత నడిపి, చల్లార్చి, మళ్ళీ చూడాలి.

రైల్వేలు ఈ బాధ్యతను కంటికే వదలలేదు. 1960లలో భారతదేశానికి వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజెల్ ఇంజన్లలో నీరు హద్దు దాటి తగ్గితే ఇంజనును తనంత తానే ఆపివేసే స్విచ్చి ఉన్నది. ట్రెవిథిక్ సీసపు బిరడాకు ఇది మనుమడని చెప్పవచ్చు.

నీటి పాత్రలు రెండూ ఒకే చోట చూడదలచినవారు భూపాలపల్లి పోవచ్చు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ ఊరు మహబూబాబాదు, జనగామల వలెనే 2016 అక్టోబరు 11న వేరు జిల్లాకు కేంద్రమైనది. ఇక్కడ సింగరేణి బొగ్గు గనులు ఉన్నవి. సమీపాన చెల్పూరు వద్ద 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. ఆ కేంద్రపు శీతల గోపురంలో కొంత నీరు ఆవిరై పోతూ మిగిలిన నీటిని చల్లబరుస్తుంది. అక్కడ నీరు తగ్గటం సహజం. పక్కనే బాయిలరులో శుద్ధజలం మూసిన వలయంలో తిరుగుతుంది. దానిలో పోయవలసిన నీరు మామూలుకంటె పెరిగితే, ఏదో గొట్టం కారుతున్నదని ఇంజనీర్లు అనుమానించి వెతుకుతారు.

ఊరి బస్సైనా, పొలంలో ట్రాక్టరైనా నేర్పే పాఠం ఇదే. నీరు తగ్గినప్పుడు పోయటం సగం పని. ఎందుకు తగ్గిందని అడగటం మిగిలిన సగం. ఇంజన్లు మారినవి, ఇంధనాలు మారినవి. ఈ ప్రశ్న అడిగే మనిషి అవసరం మాత్రం మారలేదు.