తోట శిస్తు - తోట చాకిరి

పాత రెవెన్యూ లెక్కల్లో సాగుభూమి మూడు తరగతులు: మెట్ట, మాగాణి, తోట. మెట్టకు వాన దిక్కు. మాగాణికి చెరువో, కాలువో ఆధారం. తోట సంగతి వేరు. రాయలసీమవంటి చోట రైతు బావి తవ్వుకొని, కపిల కట్టి నీరు తోడితేనే అరటి, తమలపాకు, మిరప, కూరగాయలు పండేవి. కనుక తోటమీది పన్ను పేరుకు భూమిశిస్తే గాని, నిజానికి అది శ్రమమీద పన్ను.

దత్తమండలాల చరిత్ర దీనికి సాక్ష్యం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి ధారాదత్తం చేశాడు. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా వున్న థామస్ మన్రో పొలాలు కొలిపించి శిస్తు కట్టించాడు. అది మొత్తం ఫలసాయంలో సుమారు 45 శాతం. ఇంత భారం రైతు మొయ్యలేడని చివరికి మన్రోయే ఒప్పుకున్నాడు. అన్ని భూములకూ 25 శాతం, బావినీటి భూములకు అదనంగా మరో 8 శాతం తగ్గించమని 1807లో సిఫారసు చేశాడు. ఆ 8 శాతంలోనే అసలు విషయం వున్నది: తోటలో పంట ఎక్కువే, కాని ఆ పంటకయ్యే చాకిరి అంతకన్న ఎక్కువ. ఐనా పైవారు అప్పుడు వినలేదు. 1820లో అతడే మద్రాసు గవర్నరై వచ్చేవరకు ఆ తగ్గింపునకు మోక్షం కలగలేదు.

ఇక చాకిరి మాట. కపిలకు ఎద్దుల జత కావాలి, తోలే మనిషి కావాలి, మడి మడికీ నీరు మళ్లించే మనిషి కావాలి. ఒకపూట ఆగితే మొక్క వాడిపోతుంది. వీరందరి కూలి శిస్తు పోగా మిగిలినదాంట్లోంచే రావాలి. మిగిలేది తక్కువైనపుడు కోత మొదట పడేది కూలివాడి గింజలమీదనే. సొంత ఖర్చుతో భూమిని బాగుచేసుకున్న ఫలితం పూర్తిగా రైతుదేనని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది 1852లో! అంతవరకు కొత్త బావి తవ్వే ఉత్సాహం ఎవరికి వుంటుంది?

1876-78 కరువులో మనుషులూ, పశువులూ కూడా రాలిపోయారు. బావి మిగిలినచోట కూడా కపిల తోలే దిక్కు లేదు. ఆ కొరత కేవలం ఆకాశం తెచ్చినది కాదు. మంచి సంవత్సరాల్లో నిలవ వుండవలసిన గింజ అంతకుముందే శిస్తుగా దాటిపోయింది.

నేడు కపిల పోయి కరెంటు మోటారు వచ్చింది. బత్తాయి, టమాటా కొయ్యడానికి మాత్రం మనిషి చెయ్యే కావాలి. “కూలీలు దొరకడం లేదు, సోమరులైపోయారు” అనే మాట తోటల్లో తరచు వినబడుతుంది. ఆనాడు శిస్తు చేసిన పనినే ఈనాడు దళారి కమీషను, అప్పులవడ్డీ చేస్తున్నాయి. తోటలో ఫలం ఎవరి గాదెకు చేరుతున్నదో చూడకుండా కూలివాణ్ణి నిందించడం చరిత్ర తెలియని మాట. రైతుకు మిగిలిననాడే కూలికి గిడుతుంది. కూలికి గిట్టిననాడే తోటకు మనిషి దొరుకుతాడు.