అడంగలు కెక్కనివారు

ఇంటర్నెట్టులో పేరు వెదకి, అది కనబడకపోయిన యెడల ఆ మనిషిని గూర్చి అనుమానముగా తల యాడించుట యిప్పటి లోకాచారము. పిల్లనిచ్చువారు, ఉద్యోగమిచ్చువారు, తుదకు ఇల్లు అద్దెకిచ్చువారు సయితము ముందుగా ఫోనులో వెదకి పిమ్మట మనిషిని చూచుచున్నారు. నలుబదియేండ్లుగా వడ్రంగము చేసి ఊరిలోని సగము తలుపులు బిగించినవాడైనను, వాట్సాపున బొమ్మయు, గూగులులో చిరునామాయు లేనిచో పొరుగూరివారికి లేనివాడే. ఇది నిన్నమొన్న పుట్టిన వింత యని పెద్దలు విసుగుకొనుచుందురు గాని, నాకది మిక్కిలి పాతకథగా తోచును. లెక్కలో పేరు లేకపోవుటచే మనిషియే లేకుండ పోవుట తెలుగునాట తరతరములుగ జరుగుచు వచ్చినది. ఆ లెక్కకు అడంగలని పేరు, దానిని వ్రాయువానికి కరణమని పేరు.

గ్రామమును సేవించు పన్నిద్దరాయగాండ్రలో కరణ మొకడు. కమ్మరి కొలిమియు, కుమ్మరి సారెయు, తలారి చేతికర్రయు నలుగురి కంటికి కనబడునవి. కరణము పనిముట్టు మాత్రము తాటాకులలో దాగి యుండెడిది. కాకతీయుల కాలమున గోపరాజు రామప్రధాని నియోగులకు ఊరూర కరణీకము లిప్పించెనని యొక ఐతిహ్యము కలదు. అది యెంతవరకు నిజమైనను, ఆ వృత్తి వంశపారంపర్యమై తండ్రి గంటము కొడుకు చేతికి వచ్చుచు పోయినదనుటలో సందేహము లేదు. ఊరి పొలిమేరలు, చెరువులు, మాన్యములు, వచ్చిన దొరలు, పోయిన దొరలు, పడిన కరవులు సర్వమును కవిలెకట్టలను ఆ తాటాకు లెక్కలలో చేరుచుండెను. కుంఫిణీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ తన కడ పనిచేసిన కావలి వేంకట బొర్రయ్యచేతను, 1803లో అతడు చిన్న వయసుననే మరణించిన పిదప అతని సోదరుడు లక్ష్మయ్యచేతను సేకరింపించిన కైఫీయతులకు, అనగా గ్రామచరిత్రలకు, చాలవరకు ఆధారములు ఈ కవిలెలే. 1821లో మెకంజీ గతించెను. దిక్కులేక శిథిలమగుచున్న ఆ తెలుగు వ్రాతలకు సి. పి. బ్రౌను నకళ్లు వ్రాయించి జిల్దు కట్టించెను. నేడు కైఫీయతు గల గ్రామమునకు చరిత్ర కలదు. లేని గ్రామము వేయేండ్లనాటిదైనను నిన్న వెలసినట్లే యుండును. పాపము, ఆ యూరి కరణము కట్ట విప్పుటకు అంగీకరింపలేదో, లేక చెదలే ముందుగా చదివి ముగించెనో!

కుంఫిణీ దొరతనము వచ్చి, 1800లో దత్తమండలములు చేజిక్కి, కలెక్టరు మన్రో అక్కడ పొలము పొలమును కొలిపించి రైతు పేరనే శిస్తు కట్టిన పిమ్మట ఈ వ్రాతకు మునుపు లేని పదును పుట్టినది. మునుపు ఊరు మొత్తముగా చెల్లించు సొమ్మును ఊరివారే తమలో తాము పంచుకొనెడివారు. ఇప్పుడు సర్కారు కంటికి ఊరు మరుగై, గళ్లలో వ్రాసిన పేర్లు మాత్రమే నిలిచినవి. కృష్ణా గోదావరీ తీరములందును సర్కారు జిల్లాలందును జమీందారీ బందోబస్తు జరిగిన చోట్ల సయితము, 1802 నాటి 29వ రెగ్యులేషను కరణమును జమీందారుని నౌకరుగా విడువక, లెక్కకు బాధ్యునిగా నిలిపినది.

ఆ అడంగలును చూడని తరము వచ్చినది గనుక దాని రూపము కొంచెము చెప్పవలసి యున్నది. ఫసలీ సంవత్సరము జులై 1న మొదలై జూన్ 30తో ముగియును. ఫసలీకి 590 కలిపినచో అది మొదలైన క్రీస్తు సంవత్సరము వచ్చును. ఒక్కొక్క ఫసలీకి ఒక్కొక్క అడంగలు. వెడల్పైన కాగితముపై వరుసగా గళ్లు: సర్వే నంబరు, విస్తీర్ణము, మెట్టయా మాగాణియా, నీరు ఏ చెరువుది ఏ కాలువది, శిస్తెంత, పట్టాదారెవరు, అనుభవదారెవరు, ఏ పైరు వేసిరి, ఎంత పండినది. కరణము నెలనెలయు పొలములపై తిరిగి అజమాయిషీ చేసి ఈ గళ్లు నింపవలెనని శాసనము. అరుగుపై చాప పరచుకొని నింపుట ఆచారము. హద్దు తగవు వచ్చినప్పుడు మాత్రము అరువదియారడుగుల ఇనుపగొలుసు బయటికి వచ్చును. దాని నూరు లింకులను ఇద్దరు మస్కూరీ నౌకర్లు లాగుచుండగా, రైతులిద్దరును గట్టున నిలిచి ఒక్కొక్క లింకును కన్నార్పక చూచుచుందురు.

గొలుసు పొలములోనే కాదు, వ్రాతలోను కలదు. కలమెత్తక అక్షరమున కక్షరము తగిలించి వ్రాయు ఆ గొలుసుకట్టు వ్రాత కరణములకు తప్ప ఇతరులకు కొరుకుడు పడెడిది కాదు. బడిలో చక్కగా చదువుకొన్న రైతుబిడ్డ సయితము తన తండ్రి పట్టా కాగితమును తలక్రిందులుగ పట్టుకొని నిలిచెడివాడు. ఈ కాలపువారు తమ ఫోనులకు సంకేతపదములు పెట్టుకొందురు; కరణమునకు తన వ్రాతయే సంకేతపదము. సుమతీశతకకారుడు కరణమును గూర్చి ఒకటికి రెండు పద్యములు చెప్పి హెచ్చరించుట ఊరకే కాదు.

ఇంతటి లెక్కలో ఎవరు లేరు? పొలము దున్నిన పాలేరు లేడు. కౌలుదారు పేరు అనుభవదారు గడిలో నుండవలసినదే గాని, మూడేండ్లు వరుసగా అక్కడ పేరు పడినచో హక్కు పుట్టునేమో యని పట్టాదారునకు భయము; ఆ భయమును తీర్చుట కరణమునకు లాభము; కావున ఆ గడిలో పట్టాదారు పేరే మరల వ్రాయబడుచుండెను. నాట్లువేసి, కలుపు తీసి, కోత కోసిన స్త్రీ ఏ గడిలోను లేదు. విధవరాలై పట్టా తన పేరికి మారినప్పుడు మాత్రము ఫలానావాని భార్య యని ఆమె కొంత కనబడును. ఊరి వెలుపల వాడలలోనివారి పేర్లు వెట్టిచాకిరి జాబితాలలో తప్ప వెదకినను దొరకవు. ఇట్టివారికి పుట్టిన తేదీ యడుగుట పరిహాసము. నందన కరవు నాటికి తాత చంటిబిడ్డ యనియు, బందరు ఉప్పెన యేట అవ్వ పెండ్లి యనియు, ధాత కరవున ముగ్గురు పోగా మిగిలిన పిల్ల మా యమ్మ యనియు చెప్పుకొనిరి. 1832, 1864, 1876 అను అంకెలు మనము వేసికొన్నవి. వారికి ఆ యేడులు శవములతోను, నీటితోను, ఆకలితోను మాత్రమే గుర్తు. మొన్నమొన్నటి దాక దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనయే ఎందరి వయస్సునకో కొలబద్ద.

లెక్కలో లేకపోవుటలో రెండు జాతులున్నవని గ్రహింపనిదే ఈ చరిత్ర అర్థము కాదు. సర్కారు కంటబడకుండ సాగుచేసికొను భూమి యొకప్పుడు ఐశ్వర్యము. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమిషను ఏర్పడి, ఎవరెవరు ఏ దానపత్రముపై మాన్యము లనుభవించుచున్నారో చూపుడనగానే, శతాబ్దములుగ మాటుమణిగి యున్న ఇనాముదారులు ఎంత కలవరపడిరో! అట్టివాడు కరణమునకు ఏటేట ధాన్యము కొలిచి అడంగలులో కనబడకుండ నుండెను. పాలేరు ఏమియు కొలువలేక కనబడకుండ పోయెను. నేడును అంతియే. తనకు ఫోనన్నది లేదని గర్వముగ చెప్పుకొను పెద్దమనిషి వెనుక ఫోనులు పట్టుకొన్న గుమాస్తాలు ముగ్గురుందురు. ఆ మాటనే కూలివాడు చెప్పినచో వాని పని ముందుకు సాగదు.

తెలంగాణమున కథ మరింత చిక్కనిది. నిజాము రాజ్యమున మాలిపటేలు, పోలీసుపటేలు, పట్వారి అని వంశహక్కు గల ముగ్గురు వతనుదారులు ఊరి నేలిరి. 1884లో పారసీకము పోయి ఉరుదూ కొలువు భాష యైనను, తెలుగు రైతునకు తన పొలపు కాగితము పరాయిదిగానే యుండెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు దున్నిన భూమిని విసునూరు దేశముఖు కాజేయబూనినప్పుడు, ఆమె వైపున నిలిచినది కాగితము కాదు. పంటను కళ్లమునుండి ఇల్లు చేర్చిన సంఘపు జనము. ఆ రైతు పోరాటము ముగిసి, దొరతనము మారి, 1954-55లో అడంగలువంటి ఖాస్రా పహాణీ వ్రాసిన పిమ్మట సయితము సామాన్యులు భూమి కొన్నప్పుడు రిజిస్ట్రారు కచ్చేరి మెట్లెక్కలేదు. తెల్లకాగితముపై నలుగురు పెద్దల యెదుట సాదాబైనామా వ్రాసికొని, వ్రేలిముద్ర లొత్తి, పైకమిచ్చి, మరునాడు నాగలి పూన్చిరి. అమ్మినవాడు బ్రదికియున్నంతకాలము ఊరంతయు ఆ కాగితమునకు సాక్షి.

ఈ సాక్ష్యమే నేను చెప్పదలచిన ప్రధాన విషయము. పాత లెక్క అన్యాయపు లెక్క. దానిని పొగడువాడు కరణము మనుమడైనను కావలెను, అమాయకుడైనను కావలెను. అయినను ఆ లెక్కకు ఎదుట మరియొక లెక్క, ఊరి నోట, సజీవముగ నుండెను. ఏటి లెక్కల తనిఖీ యైన జమాబందికి దొర వచ్చి మర్రిచెట్టు క్రింద బల్ల వేయించికొని కూర్చున్న దినమున, కరణము తప్పు చదివెనని ఒక ముసలివాడు గుంపులోనుండి కేక పెట్టవచ్చును. పొలము పొరుగువాడు ముందుకు వచ్చి అవునని చెప్పవచ్చును. అది చెల్లునో చెల్లదో గాని, తగవులాడుటకు ఎదుట ఒక ముఖముండెను. కరణము ఇల్లు ఎక్కడనో ఊరిలో ప్రతివానికిని తెలియును.

1984 జనవరి 6న, ఫసలీ 1393 మధ్యలో, నందమూరి తారక రామారావు ప్రభుత్వము ఒక్క ఆర్డినెన్సుతో పార్ట్‌టైము గ్రామాధికారుల, అనగా కరణములు మున్నగువారి, ఉద్యోగములను రద్దుచేసినది. ఆ గ్రామాధికారులు వాదమునకు పోగా, మరుసటి యేట సుప్రీముకోర్టు ఆ రద్దును నిలిపినది. వంశహక్కు పోవుట న్యాయమే. లెక్కలు మాత్రము అనేక గ్రామములలో కరణముల ఇంటి పెట్టెలలోనే యుండెను. ఎన్ని కచ్చేరికి చేరినవో, ఎన్ని అటకపై మిగిలినవో ఆ పెట్టెలకే యెరుక. తరువాత పేర్లు మారినవి, ఉద్యోగులు మారిరి, 1998లో రిజిస్ట్రేషను కచ్చేరులకు కంప్యూటర్లు వచ్చినవి, 2015 నాటికి ఆంధ్రప్రదేశమున మీభూమి వచ్చి అడంగలును ఎవడైనను ఇంట కూర్చుండి చూచుకొను వీలు కలిగినది. అది చిన్న మేలు కాదు. గొలుసుకట్టు వ్రాతకు బానిసయైన తరము దాని విలువ నెరుగును.

అయితే కంప్యూటరులోనికి ఎక్కినది ఊరు కాదు, కరణము కాగితము; అందులేనివారు ఇందును లేరు. 2020 అక్టోబరు 29న తెలంగాణమున ధరణి యను భూలెక్కల పోర్టలు వెలసినప్పుడు పహాణీలోని అనుభవదారు గడియే మాయమైనది. వందేండ్లకు పైగా అబద్ధముతోనో నిజముతోనో నిండుచు వచ్చిన గడి, ఇక నింపవలసిన పనియే లేకుండ పోయినది. సాదాబైనామాలను క్రమబద్ధము చేయుమని వచ్చిన లక్షల దరఖాస్తులు న్యాయస్థానపు చిక్కులలో యేండ్ల తరబడి నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. ఆంధ్రదేశమున కౌలుదారులకై 2011లో నొక చట్టమును, 2019లో నొక చట్టమును చేసిరి. రెండవ చట్టము క్రింద కౌలుదారు కార్డు చేతికి రావలెనన్న యజమాని సంతకము కావలెను, యజమానికి పాత భయము పోలేదు.

ఆ మధ్య ఒక మీసేవ కేంద్రమున నేనొక కాగితము కొరకు వేచియుండగా, నా ముందొక వృద్ధుడు నిలిచియుండెను. పాలకవరులో నాలుగు మడతలు పెట్టిన సాదాబైనామా. మడతల వద్ద కాగితము చిరిగి వెలుతురు కనబడుచున్నది. కుర్రవాడు మర్యాదగానే సర్వే నంబరడిగి, కొట్టి చూచి, ‘వివరాలు లేవు తాతా’ యనెను. వృద్ధుడు తెర వంక చూడనైన చూడలేదు. ‘మా గట్టుమీది తాటిచెట్టు నడుగు బిడ్డా, చెప్తది’ యనెను. వరుసలోనివారు నవ్విరి, కుర్రవాడును నవ్వి, తరువాతివారిని రమ్మనెను. పిమ్మట తెలిసినది, ఆ కాగితముపై సాక్షిసంతకములు చేసిన నలుగురిలో ముగ్గురు గతించిరి. నాలుగవవాడు కొడుకు వెంట పట్టణమున నున్నాడు.

కావున పాఠకులకు నా విన్నపమొకటి. మీ యింటి అటకపై గొలుసుకట్టు వ్రాతతో కూడిన కాగితము గాని, సాదాబైనామా గాని యున్నచో, దానిని చదువగల వృద్ధుడు బ్రదికి యుండగానే ఆయన కడకు పోయి చదివించికొని, శుభ్రమైన తెలుగున వ్రాసికొని, సాక్షుల పేర్లును వారు ఇప్పుడుండు చోటును దాని క్రింద చేర్చి యుంచుకొనుడు. ఆ వ్రాత చదువగలవారు నాకు తెలిసినంతలో ఎనుబది దాటినవారు.