శీతలగిడ్డంగికి ముందు వేడినీటి స్నానము

నాగపురపు కమలాపండ్ల బుట్ట విప్పినప్పుడు అడుగున నొక పండు పచ్చబూజు పట్టి, ప్రక్కవానిని సైతము చెఱచియుండుట మీలో పెక్కురు చూచియేయుందురు. ఏడాదిపాటు నీరుకట్టి పెంచిన తోట ఫలము బేరము కుదురకమునుపే పెంటపాలగుట రైతునకు కడుపుకోత.

ఆ బూజు పేరు పెనిసిలియము. తోలుమీది గోటిగాటే దానికి వాకిలి. 1900 తరువాతి యేండ్లలో కాలిఫోర్నియా తోటలందు హెరాల్డ్ పవెల్ అను అమెరికా ప్రభుత్వోద్యోగి ఈ సంగతిని నిరూపించి, కోతలోను మోతలోను మెలకువ నేర్పెను. కాని గాటులేని పండ్లనే బుట్ట కెత్తుట యెవరి తరము? చల్లని గదిలో బూజు నెమ్మదించునేగాని చావదు. పైగా కమలాజాతిలో కొన్నిటికి చలియే పగ. స్పెయినులో పండు ఫార్చ్యూన్ రకమును మిక్కిలి చలిలో కొన్ని వారములుంచినచో తోలుపై గోధుమరంగు గుంటలు పడును.

చలికి పంపబోవు పండును ముందుగా కాచుట యను విచిత్రమైన ఉపాయ మిక్కడనే పుట్టినది. 1922లో కాలిఫోర్నియాలో ఫాసెట్ అను శాస్త్రజ్ఞుడు నిమ్మజాతి పండ్లను వేడినీట ముంచి గోధుమకుళ్ళు నడచు విధమును ప్రకటించెను. వానచినుకులకు నేలనుండి చింది క్రిందికొమ్మల కాయల కంటు తెగులది. ఆ నీరు మరుగునది కాదు. చేయి పెట్టినచో వెంటనే తీయవలసినంత వేడి మాత్రమే.

1929లో ఫ్లోరిడాలో మధ్యధరా పండుఈగ కనబడెను. తోటలకు కట్టడి వచ్చెను. పండ్లు రాసులుగా నాశనము చేయబడెను. ఈగపిల్లలు పండులోపల నుండును గనుక పైపై స్నానము చాలదు. కావున తడిఆవిరితో పండు నడిబొడ్డును 43 డిగ్రీల సెంటిగ్రేడునకు తెచ్చి, ఎనిమిదిగంట లట్లే నిలిపిరి. ఆపదయే ఇట్లు గురువయ్యెను.

1948లో అదే రాష్ట్రమున హాప్కిన్స్, లౌక్స్ అనువారు పండ్లను తేమగల వెచ్చనిగదిలో నుంచి బూజును తగ్గించు పద్ధతిని ప్రకటించిరి. నాకు మిక్కిలి నచ్చినది దీని వెనుకనున్న మర్మము. వేడి బూజును బలహీనపఱచుట కొంతయే. గాయపడిన తోలు తనంతట తానే గట్టిపడి, స్కోపరోన్ అను బూజునకు గిట్టని పదార్థమును కూర్చుకొనునని తరువాతివారు కనుగొనిరి. పైనున్న మైనము కరగి సన్నని పగుళ్ళను పూడ్చును. చలిని తాళు శక్తియు కొంత పెరుగును.

పిదప మందుల కాలము వచ్చెను. 1960 తరువాత చౌకయైన బూజునాశకములు లభించుటతో వేడిమాట మూలపడెను. ఆ మందులకు లొంగని బూజులు పుట్టి, పండుపై మిగులు మందును గూర్చి కొనువారు జంకిన మీదటనే మరల దానిని తలచిరి. 1980 తరువాత ఇశ్రాయేలులో బెన్ యెహోషువా మున్నగువారు ప్లాస్టిక్ పొరలో చుట్టిన పండ్లను 36 డిగ్రీలయందు మూడునాళ్ళుంచిరి. పొర లేనిచో పండు వడలును. గుణము మంచిదే గాని, కోతల రద్దీలో మూడునాళ్ళు గది నాక్రమించుట వర్తకునకు భారము. అందుచే నచ్చటనే 2000 ప్రాంతమున, తిరుగు కుంచెలపై దొర్లు పండ్లకు 56 డిగ్రీల నీటిని ఇరువది సెకండ్లు చల్లు పద్ధతి పరీక్షింపబడెను.

కొరియాకు చెందిన జేజూద్వీపపు సత్సుమా కమలాలకు 52 డిగ్రీలలో రెండు నిమిషములు, 55లో ఒక నిమిషము, 60లో ఇరువది సెకండ్లు అను కొలతలు పరీక్షింపబడినవి. వేడి పెరిగినకొలది గడువు తగ్గుట గమనింపుడు. హద్దు మీరినచో తోలు కమలును, రుచి చెడును. అందులో కమలాతోలు పలుచన.