సి కీ డి కీ మధ్య గోడ

2026 సెప్టెంబరుతో హార్డ్ డిస్కుకు 70 ఏళ్లు నిండుతాయి, ఏదైనా రాయండి అన్నారు ఎడిటర్ గారు. డిస్కు గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. నాకు మాత్రం డిస్కు కంటే దాని మధ్యన కట్టిన గోడల మీదే మక్కువ. సి, డి, ఈ అంటూ ఆఫీసు కంప్యూటర్లకు వాటాలు వేశాం కదా, ఆ గోడలు. వాటిని పడగొట్టడానికీ జరపడానికీ మనం పడ్డ పాట్లు.

తొలి రోజులు గబగబా దాటేద్దాం. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ డిస్కు రెండు పెద్ద ఫ్రిజ్‌లంత ఉండేది. 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చితే పట్టేది 50 లక్షల అక్షరాలు. అంత చిన్న చెక్కకు గట్లు ఎవరు వేస్తారు? 1960ల చివరికి అదే ఐబీఎం, పెద్ద యంత్రాల్లో ఒక్కో డిస్కును మినీడిస్కులుగా కోసి తలా ఒక ముక్క ఇచ్చింది. పక్క వాటాలో ఇంకొకరు కాపురం ఉన్నారన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు.

మన ఆఫీసుల కథ మొదలయ్యేది 1983 మార్చిలో. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్కుతో దిగింది, వెంట డాస్ 2.0, అందులో వాటాలు వేసే ఎఫ్‌డిస్క్. ఎ, బి అక్షరాలు అప్పటికే ఫ్లాపీల పేరున ఉన్నాయి కనుక డిస్కుకు సి దక్కింది. వాటాల పట్టిక ఉండేది డిస్కు మొట్టమొదటి సెక్టారులో. ఆ సెక్టారు 512 బైట్లు, అందులో పట్టికకు కేటాయించింది 64. వాటాకు 16 చొప్పున నాలుగంటే నాలుగే వాటాలు. అచ్చం మన అడంగల్ లాంటిదే. పొలం ఎక్కడికీ పోదు, ఎవరిది ఎక్కడిదాకా అని రాసిన కాగితం మాత్రమే అది. కాగితం పోతే పొలం ఉండీ లేనట్టే. ఎఫ్‌డిస్క్‌లో పొరపాటున డిలీట్ కొట్టి లబోదిబోమన్నవాళ్లను అడగండి.

10 ఎంబీకి నాలుగు వాటాలు దేనికంటే, ఒకే యంత్రంలో డాస్‌తో పాటు వేరే ఆపరేటింగ్ సిస్టములూ ఉండొచ్చని. ఆ సరదా మన ఆఫీసుల్లో ఎవరికీ లేదు. మన చేత గోడలు కట్టించింది హద్దులే. డాస్ ఒక్కో వాటాలో మొదట 32 ఎంబీ దాటి చూడలేకపోయేది, తర్వాత ఆ హద్దు 2 జీబీకి పెరిగింది. పైగా 2 జీబీ వాటాలో ఎంత చిన్న ఫైలుకైనా 32 కేబీ గది ఇవ్వాల్సిందే. నాలుగు ముక్కల సెలవు చీటీకీ అంతే. 1996లో ఫ్యాట్32 అనే కొత్త ఫైల్ పద్ధతి వచ్చి ఈ బాధలు తీర్చింది. గోడలు మాత్రం ఆగలేదు, అప్పటికి డి డ్రైవ్‌కు ఇంకో పని దొరికింది మరి. విండోస్ మొరాయిస్తే సి ఫార్మాట్ కొట్టేయడం, డి జోలికి పోకపోవడం. సిస్టమ్ అబ్బాయి గుమ్మంలో అడుగు పెడుతూనే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నీ డిలో వేసుకున్నారా సార్?"

ఇక నాకిష్టమైన ఘట్టం. వేసిన గోడ జరపాలంటే ఒకప్పుడు సామానంతా బయట పెట్టి, ఇల్లు పడగొట్టి, మళ్లీ కట్టుకోవడమే. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఓరెమ్ ఊరి కంపెనీ పవర్‌క్వెస్ట్, 1990ల నడుమ పార్టిషన్ మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. తెర మీద డిస్కు ఒక రంగుల పట్టీలా కనపడేది. మౌస్‌తో అంచు పట్టుకుని లాగితే గోడ జరిగేది, సామాను ఇంట్లో ఉండగానే!

2002లో విజయవాడలో పుస్తకాలు కంపోజ్ చేసే ఒక డీటీపీ ఆఫీసులో నేను ప్రూఫులు దిద్దేవాణ్ని. మా ప్రధాన సిస్టమ్‌లో 8 జీబీ డిస్కు. దాన్ని ఎవరో పాత అలవాటు కొద్దీ నాలుగు సమాన వాటాలు చేశారు. సి నిండిపోయింది. పేజ్‌మేకర్‌లో ప్రింట్ ఇస్తే చోటు లేదని మొండికేస్తోంది. డి, ఈ సగం ఖాళీ. సిస్టమ్ అబ్బాయి వచ్చి డి, ఈ కలిపేసి, ఆ కలిపినదాన్ని కాస్త కుదించి కుడికి జరిపి, తేలిన చోటు సికి ఇస్తానన్నాడు. ఎందుకింత తిప్పలంటే, పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీ తప్ప దూరాన ఉన్న ఖాళీ సికి అందదు. బ్యాకప్ తీశారా అని అతను అడగలేదు, మేమూ చెప్పలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు అప్లై నొక్కాడు. సిస్టమ్ రీస్టార్ట్ అయి, శాతాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. టీ తెప్పించాం. అరవై దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. అది ఇచ్చేది పదిహేను నిమిషాలు.

"అన్నా, మానిటర్ ఆపెయ్" అన్నాడు ఆ అబ్బాయి. నాకర్థం కాలేదు. "ఆ పెద్ద డబ్బా సగం కరెంటు తాగేస్తది. సీపీయూ ఒక్కటి ఉంటే చాలు."

ఆపేశాను. చీకట్లో ఇద్దరం డిస్కు కరకర వింటూ కూర్చున్నాం. మా యజమాని పుస్తకాలన్నీ అప్పుడు ఒక గోడ నుంచి ఇంకో గోడకు నడిచి వెళ్తున్నాయి. ఎక్కడ ఆగినా అంతే సంగతులు. ఎంతసేపో చెప్పలేను గానీ యూపీఎస్ కీచుల మధ్య ఎడం తగ్గుతుండగా ఫ్యాను తిరిగింది. మానిటర్ వేస్తే తొంభై నాలుగు.

పని పూర్తయింది. ఒక్క ఫైలూ పోలేదు. పొద్దున్నే ఆపరేటరు పుస్తకం తెరిస్తే బొమ్మ ఒక్కటీ లేదు! డి, ఈ ఒకటయ్యేసరికి బొమ్మలుండే ఎఫ్ కాస్తా ఈ అయింది, ఎఫ్ అక్షరం సీడీ డ్రైవ్‌కు పోయింది. పేజ్‌మేకర్ పాపం బొమ్మల కోసం సీడీ డ్రైవ్ తలుపు తడుతోంది. రెండొందల బొమ్మలకు దారి మళ్లీ చూపించడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాతి కథకు వరస లేదు. 2003లో పవర్‌క్వెస్ట్‌ను సిమాంటెక్ కొనేసింది, పార్టిషన్ మ్యాజిక్‌కు 8వ వెర్షనే ఆఖరిదైంది. విస్టా నుంచి వాటాను కుదించడం, పెంచడం విండోస్‌లోనే వచ్చాయి. కానీ పెంచే మీట చాలాసార్లు వెలవెలబోయి కనిపిస్తుంది. పక్కన ఖాళీ లేదు, మధ్యలో విండోస్ బాగుచేతకు ఉంచిన రికవరీ వాటా అడ్డం. ఇరవై ఏళ్లయినా అదే గట్టు తగాదా. జీపీటీ అనే కొత్త పట్టికలో విండోస్ 128 వాటాలకు చోటిచ్చింది, అంత పంచుకునేవాళ్లే లేరు. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్, రికవరీ వాటాలో చోటు చాలక ఎన్నో యంత్రాల్లో ఎక్కలేదు. సి నుంచి 250 ఎంబీ కోసి దానికివ్వండంటూ కమాండ్లు టైపు చేసే పద్ధతిని మైక్రోసాఫ్టే ప్రకటించింది. రంగుల పట్టీ లేదు, మౌస్ లేదు.

మా పాత ఆపరేటరు ఇప్పుడు వేరే ఆఫీసులో ఉన్నారు. అక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లు, అన్నింటికీ సి ఒక్కటే. వాటాలు వేసుకునే హక్కు ఉద్యోగులకు లేదు. మొన్న వెళ్తే తన ఫైళ్లు చూపించారు. సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్. దాని పేరు "డి డ్రైవ్".