విద్యుత్ హమ్

విద్యుత్ హమ్ అనగా యాంప్లిఫయరు, స్పీకర్లు మొదలైన ధ్వని పరికరాలలో పాటతో పాటు ఎడతెగక వినిపించే, తుమ్మెద రొద వంటి శబ్దం. ఇది ఏకాంతర విద్యుత్తు వలన పుడుతుంది. భారతదేశంలో గృహాలకు 230 వోల్టుల విద్యుత్తు 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో సరఫరా అవుతుంది. అందుచేత ఇక్కడ హమ్ ప్రధానంగా 50 లేదా 100 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. అమెరికాలో ఇది 60 లేదా 120 హెర్ట్జ్.

కారణాలు

* ఎర్త్ లూప్: యాంప్లిఫయరు ఒక సాకెట్టు ద్వారా, కంప్యూటరు వేరొక సాకెట్టు ద్వారా ఎర్త్ అయి ఉన్నప్పుడు వాటిని ఆడియో కేబుల్‌తో కలిపితే, ఎర్త్ తీగలు, కేబుల్‌లోని లోహపు తొడుగు కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. రెండు ఎర్త్‌ల మధ్య స్వల్పమైన వోల్టేజి భేదం ఉన్నా వలయంలో విద్యుత్తు ప్రవహించి, ధ్వని సంకేతంలో కలుస్తుంది.
* పాతబడిన కెపాసిటర్లు: ఏసీని డీసీగా మార్చిన తరువాత మిగిలే హెచ్చుతగ్గులను ఇవి సరిచేయలేవు. అప్పుడు 100 హెర్ట్జ్ హమ్ వస్తుంది.
* ప్రేరణ: ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం సమీపంలోని కేబుళ్ళపై ప్రభావం చూపుతుంది.
* ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లు, లైటు డిమ్మర్లు: వీటి వలన హమ్ కంటే కీచుగా గరగర శబ్దం వస్తుంది.

కారణాన్ని గుర్తించే విధానం

వాల్యూము పూర్తిగా తగ్గించినా హమ్ మారకపోతే దోషం సాధారణంగా యాంప్లిఫయరులోనే ఉంటుంది. తగ్గితే దానికి కలిపిన పరికరాలను పరిశీలించాలి. యాంప్లిఫయరును ఆపి, ఇన్‌పుట్ కేబుళ్ళన్నీ తీసివేసి, ఒక్కొక్కటిగా తిరిగి కలపాలి. దేనిని కలిపినప్పుడు హమ్ మొదలవుతుందో అదే కారణం. టీవీని కలిపినట్లయితే, దానికి వచ్చే కేబుల్ టీవీ తీగను కూడా ఒకసారి తీసి చూడాలి.

నివారణ

* పరికరాలన్నింటికీ ఒకే స్విచ్‌బోర్డు నుండి విద్యుత్తును తీసుకోవాలి. బోర్డు సామర్థ్యాన్ని మించరాదు.
* ఆడియో కేబుళ్ళను కరెంటు తీగల పక్కన సమాంతరంగా వేయరాదు. తప్పనప్పుడు లంబకోణంలో దాటించాలి.
* రికార్డు ప్లేయరుకు విడిగా ఎర్త్ తీగ ఉంటే, దానిని యాంప్లిఫయరు వెనుకనున్న ఎర్త్ స్క్రూకు బిగించాలి.
* లూప్ తొలగకపోతే ఆడియో కేబుల్ మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అమర్చాలి. ఇది లోహ సంబంధాన్ని తెంచి, ధ్వని సంకేతాన్ని మాత్రం పంపుతుంది.
* కెపాసిటర్లను మెకానిక్ చేతనే మార్పించాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు.

హెచ్చరిక

మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్ను ఎర్త్. దానిని తొలగిస్తే ఎర్త్ లూప్ తెగి హమ్ ఆగిపోతుంది. అందుకే చాలామంది దీనిని పరిష్కారమని భ్రమిస్తారు. అయితే లోపల ఫేజు తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలినప్పుడు, విద్యుత్తును భూమికి చేర్చి ఫ్యూజు పోయేటట్లు చేసేది ఆ పిన్నే. అది లేకపోతే పెట్టెను తాకిన వ్యక్తి ప్రాణానికే ముప్పు. ఆడియో కేబుల్ ద్వారా ఆ విద్యుత్తు ఇతర పరికరాలకు, మైకుకు కూడా చేరవచ్చు. కావున హమ్ నివారణకు ఎర్త్‌ను ఎన్నడూ తొలగించరాదు. చతురస్రంలో చతురస్రం గుర్తు కలిగిన పరికరాలు ద్వంద్వ ఇన్సులేషన్‌తో తయారైనవి కనుక, వాటికి ఎర్త్ అవసరం లేదు.

బొగ్గు, ఉప్పు వేసి నిర్మించిన ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోతే దాని నిరోధం పెరుగుతుంది. కనుక అప్పుడప్పుడు అందులో నీరు పోయాలి.

ఇవి కూడా చూడండి

* ఏకాంతర విద్యుత్తు
* ట్రాన్స్‌ఫార్మర్
* కెపాసిటర్